నొప్పి మందులో మన వాటా

గడచిన నెల మొదటి ఆదివారమున ఆరాధన ముగిసిన తరువాత సంఘపెద్ద ఒకరు మా కొరకు వేపచెట్టు క్రింద కాచుకొని యుండిరి. ఆయన బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. కుమారుడు హైదరాబాదులో ఉద్యోగి. పదవీ విరమణ నాడు చేతికి వచ్చిన సొమ్ములో రెండు లక్షలు తీసి, తండ్రి పేరనే ఖాతా తెరచి, నొప్పి మందులు తయారుచేయు ఒక చిన్న కంపెనీ షేర్లను కుమారుడు కొని పెట్టెను. ఆరు నెలలు తిరుగకముందే రెండు లక్షలు మూడు లక్షలాయెను. సంతోషింపవలసిన సమయమే. కాని ఆయన ముఖములో సంతోషము కనబడలేదు.

"అయ్యగారూ, షేరు పెరిగిందని మావాడు ఫోను చేసిన రాత్రే, పక్కింటి వదినె కాన్సరు నొప్పితో తెల్లవార్లూ మూలుగుతూ ఉంది. గోడ ఇవతల నాకు నిద్ర లేదు. ఆమె కొనే మందులో నాకూ ఒక పైసా వస్తుందేమో గదా అనిపించింది. ఆ పైసా నేను తీసుకోవచ్చునా?" అని ఆయన అడిగిరి.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. "పంతులుగారూ, ఇంతకూ ఆ కంపెనీ చేసే మందు ఏమిటి?" అని అడిగితిమి. ఆయనకు తెలియదు. అక్కడనే నిలిచి కుమారునికి ఫోను చేసిరి. కుమారునికిని తెలియదు. స్నేహితులు కొనుమనిరనియు, వెల పెరుగుచున్నదనియు మాత్రమే అతడు చెప్పగలిగెను. తండ్రియు కుమారుడును ఒక కంపెనీకి వాటాదారులై యున్నారు; ఆ కంపెనీ ఏ మందు చేయునో, ఎవరు దానిని మింగుదురో ఇద్దరికిని తెలియదు. "వచ్చే నెల పత్రికలో వ్రాస్తాము" అని చెప్పి ఆయనను పంపితిమి. ఆ మాట చొప్పున ఇది వ్రాయుచున్నాము.

చదువరులలో చాలామంది ఈ ప్రశ్న తమది కాదని తలంచవచ్చును. "మాకు షేర్లెక్కడివి? మాకున్నది ఎకరమున్నర చేను" అని అనవచ్చును. అయితే ఫాక్టరీలలో పనిచేయు మన బిడ్డల ప్రావిడెంటు ఫండు సొమ్ములో కొంత భాగము 2015 నుండి షేర్ల సంతకు పోవుచున్నది. నెలకు ఐదువందలు మ్యూచువల్ ఫండులో వేయు పిల్లలు మన ఇండ్లలోనే యున్నారు. అరుగు మీద కూర్చుండి చేతిలోని ఫోనుతో కంపెనీలో వాటా కొనగల దినములివి. వాటా ఎంత చిన్నదైనను కొన్నవాడు యజమానియే. యజమానియైనవాడు లెక్క అప్పగింపవలసినవాడే. కావున మనమందరము కలిసి ఆలోచింతము.

మొదట ఒక సంగతి తేటగా చెప్పవలెను. మందు అమ్మి లాభము పొందుట పాపము కాదు. మంచి సమరయుని కథలో గాయపడినవాని నూనెతోను ద్రాక్షారసముతోను కట్టుకట్టిన దయాళుని మనమెరుగుదుము. ఆ కథలోనే పూటకూళ్లవాడు ఒకడున్నాడు. అతనికి రెండు దేనారములు ముట్టినవి, ఇంకను ఖర్చైనయెడల మరల ఇచ్చెదనను మాటయు దొరికినది. ప్రభువు అతనిని దొంగ అనలేదు. రోగిని చూచుకొనినందుకు కూలి పుచ్చుకొనుట న్యాయమే. అర్ధరాత్రి తలుపు తట్టగా లేచి షట్టరు ఎత్తి మందు ఇచ్చు మన ఊరి మందుల షాపువానికి రూపాయి మిగులకపోయినయెడల ఆ షాపు మరుసటి సంవత్సరము ఉండదు.

కంపెనీయు అట్టిదే. మందు తయారగుటకు చదువుకొన్నవారు, యంత్రములు, పరీక్షలు, సంవత్సరముల కాలము కావలెను. ఆ సొమ్మును ఒక్కడు పెట్టలేడు గనుక పదిమంది యొద్ద పోగుచేయుటకు షేర్లు ఏర్పడినవి. ఈ పని మన తెలుగు నేలకు క్రొత్త కాదు. 1961 లో ప్రభుత్వము స్థాపించిన ఐ.డి.పి.ఎల్. సంస్థ హైదరాబాదులో మందుల ఫాక్టరీ కట్టినది. గుంటూరు జిల్లా రైతు కుటుంబమున పుట్టిన కల్లం అంజిరెడ్డిగారు అందులో పనిచేసి, తరువాత 1984 లో తమ కంపెనీని ప్రారంభించిరి. నేడు హైదరాబాదు చుట్టును ఉన్న మందుల ఫాక్టరీలలో మన సంఘముల యువకులు ఎందరో రాత్రి షిఫ్టులు చేయుచున్నారు. బొంబాయిలోని సిప్లా కంపెనీ 2001 లో ఎయిడ్సు రోగులకు కావలసిన మందులను సంవత్సరమునకు 350 డాలర్లకే ఇచ్చెదమని ప్రకటించినది. అంతకు ముందు వాటికి పదివేల డాలర్లకు పైగా అగుచుండెను. ఆ కంపెనీకిని వాటాదారులున్నారు. వారికి లాభము పోలేదు, ఆఫ్రికాలో లక్షలమందికి ప్రాణము దక్కుటకు దారియు తెరువబడినది. లాభమును కనికరమును ఒక్క కాడి క్రింద నడువగలవని ఇందువలన తెలియుచున్నది.

నొప్పిని తగ్గించుట విషయములో కూడ మనకు సంశయము అక్కరలేదు. నొప్పిని ఓర్చుకొనుటయే భక్తి అని మనలో కొందరు అందురు. సామెతల గ్రంథపు చివరి అధ్యాయములో రాజుతల్లి తన కుమారునికి మద్యము కూడదని బోధించుచునే, ప్రాణము పోవుచున్నవానికి దానిని ఈయవచ్చునని చెప్పినది. చనిపోవుచున్నవాని బాధను చల్లార్చుట దయగల పని. కావున పంతులుగారి పక్కింటివారు మందు కొనుటలో ఆయనకు పైసా చేరినను, ఆ పైసాలో స్వతహాగా దోషము లేదు. ఆ మందే లేనియెడల ఆమె రాత్రులు ఇంకను ఘోరముగా నుండును.

అయితే ప్రశ్న అంతటితో తీరలేదు. అపొస్తలుల కార్యముల పదునారవ అధ్యాయము తెరచి చూడుడి. ఫిలిప్పీ పట్టణములో ఒక దాసి యుండెను. ఆమెను ఒక దురాత్మ పట్టి పీడించుచుండెను. ఆ పీడవలన ఆమె సోదె చెప్పుచు తన యజమానులకు బహు లాభము తెచ్చుచుండెను. యజమాని అని కాక యజమానులని వ్రాయబడుటను గమనింపుడి. ఆ ఒక్క పిల్ల మీద అనేకులకు వాటాలున్నవి. పౌలు ఆ ఆత్మను వెళ్లగొట్టెను, పిల్ల బాగుపడెను. అప్పుడు యజమానులు సంతోషించిరా? తమ లాభము పోయెనని చూచి పౌలును సీలను పట్టుకొని అధికారుల యొద్దకు ఈడ్చిరి. అక్కడ తమ రాబడి పోయెనని చెప్పలేదు. వీరు పట్టణమును కలవరపరచుచున్నారని, ఆచారములను చెరుపుచున్నారని చెప్పిరి. లాభము మాట కడుపులో దాచుకొని ధర్మము మాట పెదవులతో పలికిరి.

రోగము కుదిరినప్పుడు దుఃఖించు లాభము ఒకటి లోకములో కలదని ఈ అధ్యాయము మనకు చూపుచున్నది. పూటకూళ్లవాడు గాయపడినవాడు లేచి నడచిపోగా సంతోషింపగలడు. ఫిలిప్పీ యజమానులు సంతోషింపలేరు. మన వాటా ఈ రెంటిలో ఏ యింటిదో తెలిసికొనుటయే మన ముందున్న పని.

దీనికి మన కాలపు దృష్టాంతము కావలెనన్న అమెరికా దేశమునకు పోవలెను. దూరదేశపు సంగతియైనను, కోర్టులో విచారణ జరిగి రుజువైనది గనుక చెప్పుచున్నాము. అరిజోనా రాష్ట్రములో ఇన్సిస్ థెరప్యూటిక్స్ అను చిన్న కంపెనీ యుండెను. దానిని స్థాపించిన జాన్ కపూర్ అను నతడు మన పంజాబులో పుట్టి అమెరికాకు వెళ్లినవాడు. అతని భార్య కాన్సరుతో బాధపడి మరణించెను. ఆ బాధను చూచియే ఇట్టి మందు మీద తనకు మనస్సు కలిగెనని అతడు చెప్పుకొనెను. ఆ మందు పేరు సబ్సిస్. నాలుక క్రింద చల్లుకొను ద్రవము. అందులోని ఫెంటనిల్ మార్ఫిన్ కంటె యాబది మొదలు నూరు రెట్లు బలమైనది. 2012 జనవరిలో ప్రభుత్వము దీనికి అనుమతి ఇచ్చినది. అయితే అంతకు ముందే బలమైన నొప్పి మందులకు అలవాటుపడిన కాన్సరు రోగులకు మాత్రమే అని హద్దు పెట్టినది. ఇంతవరకు కథ మంచిదే.

2013 మే నెలలో ఆ కంపెనీ షేరు ఒక్కొక్కటి 8 డాలర్లకు సంతకు వచ్చెను. ఆ సంవత్సరమున క్రొత్తగా వచ్చిన షేర్లలో అంతగా పెరిగినది మరియొకటి లేదని పత్రికలు వ్రాసినవి. అయితే అట్టి నొప్పిగల కాన్సరు రోగులు కొద్దిమందియే. కొద్దిమందికి అమ్ముచు ప్రతి మూడు నెలలకును లాభము పెంచుట ఎట్లు? కాన్సరు లేనివారికి, నడుము నొప్పివారికి కూడ ఆ మందు వ్రాయించిరి. అది వ్రాసిన డాక్టర్లకు ఉపన్యాస రుసుము పేరిట సొమ్ము ఇచ్చిరి. ఆ ఉపన్యాసములలో చాలవరకు భోజనమే గాని బోధ లేదు. కాన్సరు లేనిదే బీమా కంపెనీలు డబ్బు కట్టవు గనుక, ఒక గదిలో పనివారిని కూర్చుండబెట్టి, తాము డాక్టరు ఆఫీసు నుండి మాటలాడుచున్నట్లు నటింపజేసి, రోగికి కాన్సరు ఉన్నదని అబద్ధము చెప్పించిరి. నెలకు వేల డాలర్లు ఖర్చగు ఆ మందుకు అనేకులు బానిసలైరి. ప్రాణములు పోగొట్టుకొన్నవారును కలరు.

2019 మే 2 న బోస్టను నగరపు కోర్టులో కపూరును మరి నలుగురిని జూరీ దోషులుగా నిర్ణయించినది. 2020 జనవరిలో అతనికి అయిదున్నర సంవత్సరముల శిక్ష పడినది. 2019 జూన్‌లో కంపెనీ 225 మిలియను డాలర్లు కట్టుటకు ఒప్పుకొని, వారము తిరుగకముందే దివాలా ప్రకటించినది. ఎనిమిది డాలర్ల షేరు ఏమియు లేనిదాయెను. భార్య బాధను చూచి మొదలుపెట్టినానన్నవాడు పరుల బాధను పెంచి బ్రతుకు స్థితికి వచ్చెను.

ఇప్పుడు కపూరును విడిచి ఆ వాటాదారులను తలంచుకొనుడి. వారిలోను మన పంతులుగారి వంటి పెద్దమనిషి ఒకరు ఉండియుండవచ్చును. ఉదయము పత్రికలో వెల చూచుకొని, దేవునికి స్తోత్రము చెప్పి, కాఫీ త్రాగి యుండవచ్చును. ఆయన ఎవరికిని లంచమీయలేదు, ఏ అబద్ధమును ఆడలేదు. అయినను ఆయన స్తోత్రము చెప్పిన ఆ డాలరు ఎక్కడనుండి వచ్చినది? కాన్సరు లేని ఒక నడుము నొప్పి స్త్రీ ఇంటినుండి వచ్చినది. 2014 లోనే ఈ మందు అమ్మకములను గూర్చి పత్రికలలో అనుమానములు అచ్చైనవి. ఇంత కొద్దిమందికి తగిన మందు ఇంత విస్తారముగా ఎట్లు అమ్ముడగుచున్నదని అడుగుటకు పెద్ద చదువు అక్కరలేదు. అడిగినవారు కొద్దిమంది. వెల ఎక్కుచుండగా ఎవడు అడుగును?

మన పల్లెలలో దీనిని పోలిన సంగతి యొకటి జరిగినది. సారా దుకాణములకు పాట పెట్టు దినములలో నలుగురైదుగురు కలిసి వాటాలు వేసికొని పాట పాడుకొనెడివారు. వారిలో ఎవడును గ్లాసులో సారా పోయలేదు. "నేను డబ్బు మాత్రమే పెట్టితిని" అని ప్రతివాడును అనుకొనెను. 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేచి ఆ దుకాణమును మూయించినప్పుడు, వారికి వాటాల లెక్క అక్కరలేకపోయెను. తమ ఇంటి కన్నీరు ఎవరి పెట్టెలో రూపాయిగా పడుచున్నదో వారికి తెలియును. పాపమును పదిమంది పంచుకొనినంత మాత్రమున అది పదవ వంతు కాదు. పంచుకొనుటవలన తగ్గునది మన మనస్సాక్షి నొప్పి మాత్రమే.

అయితే తెలియక చేసినదానిని గూర్చి ఏమందుము? ఇక్కడ న్యాయముగా మాటలాడవలెను. మన చిన్ననాట పశువు చచ్చిన చోట రాబందులు గుంపులుగా దిగెడివి. ఇప్పుడు మన పిల్లలు రాబందును చూచి యెరుగరు. కాళ్ల నొప్పులతో కుంటు పశువులకు డైక్లోఫినాక్ అను నొప్పి మందు ఇచ్చుచుండగా, ఆ కళేబరములను తిన్న రాబందులు మూత్రపిండములు చెడి చచ్చెను. ఇది 2004 లో శాస్త్రజ్ఞులు కనుగొనిన సంగతి. 2006 లో మన ప్రభుత్వము పశువులకు ఆ మందు తయారుచేయుటను నిషేధించినది. దానికి బదులు రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అను మందు దొరకినది. 2004 కు ముందు దానిని చేసినవానిని, అమ్మినవానిని మనము నిందింపలేము; ఎద్దుకు ఉపశమనమే వారు కోరిరి. తెలిసిన తరువాత, నిషేధము వచ్చిన తరువాత, మనుష్యుల మందు అను పేరుతో పెద్ద సీసాలు పశువులకు అమ్మినవానిని నిందింపవలెను. తెలియనివానికి క్షమాపణ కలదు. తెలిసికొనుటకు ఇష్టపడనివాడు తెలియనివానితో సమానుడు కాడు.

మరియొక సంగతి. షేరు వెల మందు మంచితనమునకు కొలబద్ద కాదు. కాన్సరు నొప్పికి మార్ఫిన్ బిళ్ల శతాబ్దముల పరీక్షకు నిలిచిన మందు, చవకైనది కూడ. గసగసాల పంటను మన దేశములో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములందు ప్రభుత్వ లైసెన్సుతో పండించుచున్నారు. అయినను 1985 నాటి మాదకద్రవ్యముల చట్టపు కఠిన నిబంధనలవలన ఆసుపత్రులు ఆ బిళ్లను ఉంచుటకే భయపడినవి. మన రోగులు అది లేక మూలుగుచు చనిపోయిరి. 2014 లో చట్టము సవరించి దారి సులభము చేసిరి. అయినను మన పల్లెలకు అది ఇంకను సరిగా చేరలేదు. నిబంధనలతోబాటు ఇంకొక కారణమును కలదు: చవక బిళ్లలో లాభము తక్కువ, అందుచేత దానిని గూర్చి చాటువారును తక్కువ. వేల డాలర్ల మందుకు విందులు చేసి అమ్మువారుండిరి. చవక బిళ్లకు విందు చేయువాడు లేడు. వెల ఎక్కినంత మాత్రమున మేలు ఎక్కువాయెనని మనము మోసపోకూడదు.

చిన్న కంపెనీల విషయములో ఇంటి క్షేమమును కూడ చూచుకొనవలెను. పెద్ద కంపెనీకి వంద మందులుండును, ఒకటి పోయినను మిగిలినవి నిలుచును. చిన్న కంపెనీ ఒక్కొక్కప్పుడు ఒక్క మందు మీదనే నిలిచియుండును, ఒంటిస్తంభపు పాక వలె. దాని షేర్లు కొనువారు అమ్మువారు కొద్దిమంది గనుక, నలుగురు కూడబలుకుకొని వెల ఎక్కింపగలరు. ఫోనులలో ఆశలు పుట్టించి, ఎక్కిన తరువాత తమవి అమ్ముకొని తప్పుకొనగలరు. అప్పుడు మనవి అమ్మజూచినను కొనువాడుండడు. సలహా చెప్పి రుసుము తీసికొనువాడు సెబీ యొద్ద నమోదు చేయించుకొని యుండవలెనని చట్టమున్నది. అట్టి నమోదు లేనివాని మాట నమ్మి బిడ్డ పెండ్లి సొమ్ము, ముసలితనపు సొమ్ము అక్కడ పెట్టుట విశ్వాసము కాదు, జూదము.

కాబట్టి పంతులుగారికి, ఆయన కుమారునికి, మనకందరికిని మా మనవి ఇది. వాటా కొనకముందు నాలుగు ప్రశ్నలు వేసికొందము. ఈ కంపెనీ ఏ మందు చేయుచున్నది, దానిని మింగువాడెవడు? ఆ రోగి బాగుపడినప్పుడు కంపెనీకి మేలా, రోగిగానే నిలిచిపోయినప్పుడు మేలా? మందు తగినవానికే అమ్మబడుచున్నదా, హద్దు దాటుచున్నదా? ఈ సొమ్ము పూర్తిగా పోయినను మన ఇంటి పొయ్యి వెలుగునా? సంతలో నమోదైన ప్రతి కంపెనీయు సంవత్సరమునకొకసారి తన లెక్కలను అచ్చువేసి బయటపెట్టవలెను. వాటాదారునికి సభలో ప్రశ్నించు హక్కును, ఓటును కలవు. ఇంగ్లీషు రానిచో చదువుకొన్న పిల్లలచేత చదివించుకొనవచ్చును. ఆ పిల్లలకును అది మంచి పాఠము.

ఒకవేళ జవాబు చెడ్డదని తేలినచో? అమ్మివేసిన చాలునా? అమ్మవలసినదే, కాని మన చేతి మురికిని ఇంకొకని చేతికి తుడిచి శుద్ధులమైతిమని అనుకొనరాదు. వచ్చిన లాభములో దశమభాగము సంఘమునకు ఇచ్చిన చాలునా? చాలదు. యూదా పారవేసిన ముప్పది వెండి నాణెములను ఆ ప్రధానయాజకులే కానుకపెట్టెలో వేయుటకు వెనుదీసిరి. వారికే తెలిసిన సంగతి మనకు తెలియవద్దా? జక్కయ్య అన్యాయముగా తీసికొనినది ఎవనిదో వానికే నాలుగంతలుగా తిరిగి ఇచ్చెదననెను. బాధనుండి వచ్చిన సొమ్ము మరల బాధపడువాని యింటికే పోవలెను.

ఈ పత్రిక అచ్చుకు పోవుటకు ముందు పంతులుగారు మరల వచ్చిరి. కుమారుడు కంపెనీ వార్షిక నివేదికను తెప్పించి చదివెనట. అది జ్వరమునకు, ఒళ్లు నొప్పులకు వాడు సాధారణ బిళ్లలు చేయు కంపెనీయే. చెడ్డ మాట ఏదియు అతనికి కనబడలేదు. అయినను పెట్టిన రెండు లక్షలు వెనుకకు తీసికొని, ముసలితనమునకు బ్యాంకులో వేయించిరి. మిగిలినది అట్లే ఉంచిరి. "ఉంచుకోవచ్చునా అయ్యగారూ?" అని అడిగిరి. "ఉంచుకోవచ్చు, ఏటేటా ఆ నివేదిక మాత్రం చదవండి" అని చెప్పితిమి.

తరువాత పక్కింటివారి సంగతి అడిగితిమి. ఆమె వాడుచున్నవి ఊరి ఆర్.ఎం.పి. ఇచ్చిన మామూలు నొప్పి బిళ్లలేనట. అట్టి నొప్పికి అవి ఏ మూలకు? హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రిలో నొప్పి నివారణకు ప్రత్యేక విభాగమున్నదని, మార్ఫిన్ అక్కడ డాక్టర్ల పర్యవేక్షణలో ఇత్తురని చెప్పితిమి. పంతులుగారు కొంతసేపు ఊరకుండిరి. "ఆరు నెలలుగా రోజూ షేరు వెల చూశాను. ఆమె ఏ మందు వేసుకుంటున్నదో ఒక్కసారీ అడగలేదు" అనిరి.

మరుసటి మంగళవారము ఆయనయు ఆయన భార్యయు ఆమెను బస్సులో హైదరాబాదు తీసికొని వెళ్లిరి. ఆమె వ్యాధి కుదురలేదు. కాని ఇప్పుడు రాత్రులు నిద్రపోవుచున్నదట. గోడ ఇవతల పంతులుగారును నిద్రపోవుచున్నారు.